నాడె రాని పడుగు

కొత్తవాడల మూడో సందు.
నా గది మీద బోర్డు: ప్రథమ చికిత్స.
లోపల ఒక బల్ల, ఒక పొట్టి స్టూలు,
అట్టపెట్టె నిండ గాజుబుడ్లు.
మెడ విరిస్తే టిక్కుమంటది ఒక్కోటి.
ఆ సప్పుడుకే నొప్పి దిగుతదనేది మా వాడ.

చిలువేరు ఓదెలు దమ్ముతోని వచ్చేటోడు.
గుంతమగ్గం మీద ముప్పై యేండ్లు,
పీల్చిన గాలిల సగం నూలే.
ఛాతిల పిల్లికూతలతోని స్టూలు మీద కూలవడితే
సూది ఏసేది.
పది నిమిషాలల్ల మనిషి మనిషయ్యేది.
"నీ చేతిల గుణమున్నది మొగిలన్నా" అనేటోడు.
నమ్మిన.
ఇంటికి గోలీలు గూడ కట్టిచ్చిన,
తెల్లయి, చిన్నయి, పొద్దుకొకటి.
ఆరేండ్లు.

మొఖం గుండ్రంగ నిండింది.
ఒళ్లు చేసినవు ఓదెలూ, అని నవ్విన.
అది ఒళ్లు గాదని నాకు కొంచెం తెలుసు.
మిగిలింది ఎవ్వలినీ అడుగలె.

ముందుగాల గజ్జల నొప్పన్నడు. బాము ఇచ్చిన.
తర్వాత మోకాలన్నడు. పట్టీ ఇచ్చిన.
తుంటిల పుట్టిన నొప్పి
మోకాలు కాడికి పోయి మొరపెట్టుకుంటదని
నాకేం ఎరుక.
తొక్కుడు కర్ర మీద కుడికాలు తడబడ్డది.
జంపఖానా అంచు వంకర పోయింది.
నాకంటె ముందు షావుకారు పట్టుకున్నడు.

హన్మకొండల బొక్కల డాక్టరమ్మ
ఫిలిం వెలుగుకు పెట్టి వేలుతోని చూపింది.
తొడ బొక్క తల నూలుండ తీరుగ ఉండాలె.
ఇది ఒక దిక్కు కుంగింది.
పెంకు కింద నెలవంకంత నల్లగీత.
"దీనికి నెత్తురు తెచ్చే నాళాలు పోగులంత సన్నయి.
అవి మూసుకపోతే బొక్క ఉపాసముండి సస్తది.
సచ్చినంక గూడ కొన్నాళ్లు మనిషిని మోస్తది.
తర్వాత కూలుతది."
ఓదెలుకు నాకంటె జల్ది అర్థమైంది.
"నాడె రాని పడుగు" అన్నడు.

ఆమె అడుగుకుంట పోయింది.
పైకెల్లి పడ్డవా? లేదు.
మందు? పండుగకు కల్లు.
ఇంట్ల ఎవ్వలికన్న నెత్తురు రోగం? లేదు.
మరి దమ్ముకు సూదులు ఎవరిచ్చిండ్రు? ఎన్ని?

నేను ఆయన ఎనుక నిలవడ్డ.
చేతిల ఫిలిం కవరు చెమటకు మెత్తవడ్డది.
"యాదికి లేదమ్మా. ఎవ్వలెవ్వలో ఇచ్చిండ్రు."
ఆమె నా దిక్కు చూసింది.
మీరేమైతరు?
దోస్తును, అన్న.

కుడిది మార్చుడే. లోహపు గుండు, కొత్త గిన్నె.
ఎడమది ఇంకా కుంగలె.
దానికి బర్మ పెట్టి తొవ్వ తీస్తరట,
లోపలి ఒత్తిడి దిగితే కొత్త నెత్తురు వస్తదేమోనని.
ఆ "ఏమో"ను ఆమె దాచలె.
గోలీలు ఒక్కసారి బందు పెట్టొద్దు,
నేనే తగ్గించుకుంట రాస్త, అంది.
అది గూడ నాకు తెల్వదు.

నిన్న వాకరు పట్టుకొని వచ్చిండు.
స్టూలు పొట్టిది. తుంటి అంత వంగొద్దట.
నేల మీద కూసోవద్దు, గొంతుక్కూసోవద్దు,
గుంతల కాళ్లు ఇడువొద్దు.
నిలవడే మాట్లాడిండు.
వాకరుకు ఏలాడేసుకొచ్చిన జంపఖానా ఇప్పి ఇచ్చిండు,
ఎర్ర చార, నీలం చార,
ఆపరేషనుకు ముందు ఆఖరుగ నేసింది.
"నీ కాడికి వచ్చినోళ్లు కూసుంటరు, పరువు."
అంచు వంకర అట్లనే ఉన్నది.

పైసలెంత అంటె జవాబు నడుమ దమ్ము పట్టింది.
పీల్చే మందు అంగి జేబులనే ఉన్నది, తియ్యలె.
"ఒక్క సూది ఏయరాదే మొగిలన్నా.
నీ చేతిల..."
అట్టపెట్టె బల్ల కిందనే ఉన్నది.
పారెయ్యాలె అనుకొని నాలుగు నెలలు.

ఆయన జేబుల చెయ్యి పెట్టిన.
పీల్చే మందు తీసి నోటికి పెట్టి నొక్కిన.
పది దాక ఊపిరి బిగవట్టు, అని లెక్కవెట్టిన.
ఏడుకే ఇడిసిండు, దగ్గుకుంట, నవ్వుకుంట.